గుండీ ముందు అనలేని మాట

మా బావగారికి పెళ్ళి కాలేదు. సంబంధాలు రాక కాదు. ఒకచోటికి మాట్లాడడానికి వెళ్ళినప్పుడు పిల్ల తండ్రి గుమ్మం దాకా ఎదురొస్తే, ఈయన కుశలమైనా అడక్కుండా, "మీ చొక్కా కుడి భుజం అర అంగుళం జారిందండీ, ఏ మహానుభావుడు కుట్టాడు?" అన్నారట. ఆ చొక్కా కుట్టింది పిల్లే. కాఫీ కూడా రాలేదు. మనిషి మాత్రం బంగారం. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, ముక్కు మీద కళ్ళద్దాలు, ఆ కళ్ళద్దాల మీద కోపం.

మాది దర్జీ కొట్టు. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు, ఆ వెనక బట్టలారేసుకునే చిన్న పెరడు. కొట్టులో కుడివైపు బావగారి కోత బల్ల, ఎడమవైపు మా ఆయన మిషను. కోత అన్నగారిది, కుట్టు తమ్ముడిది. గుండీలు, కాజాలు, హుక్కులు, ఇస్త్రీ నావి. ఆ పైన వంట నాది. ఆ పైన వీళ్ళిద్దరూ నా ప్రాణానికే.

వాళ్ళిద్దరి మధ్య, బట్టముక్కల గుట్ట మీద, గుండీ పడుకుంటాడు. గుండీ అంటే మా కుక్క. కుక్క అని ఇక్కడ రాస్తున్నాను గానీ ఇంట్లో ఆ మాటంటే ఊరుకోరు. 'అది' అన్నా ఊరుకోరు. 'వాడు' అనాలి. కొత్తలో నాకు నోరు తిరిగేది కాదు. "ఏదీ, అది ఏదీ?" అని వెతుకుతుంటే బావగారు బల్ల మీంచి తలెత్తి, "అది అంటే ఏదమ్మా, కత్తెరా?" అనేవారు.

వాడు ఒక వానరోజు తడిసి ముద్దై, చేటంత చెవులేసుకుని కొట్టులో దూరాడు. దూరినవాడు మూల నక్కి కూర్చుంటే ఎవరేమంటారు? తిన్నగా నా ముందున్న గిన్నెలో మూతి పెట్టి ఒక కోటు గుండీ మింగేశాడు. అది మామూలు గుండీ కాదు. ఒక ప్లీడరుగారు ఎక్కడినుంచో తెప్పించుకున్న నల్లటి గుండీల్లో ఒకటి. దాని జోడు ఊళ్ళో దొరకదు. వాన వెలిసినా వాణ్ణి బయటికి పంపే వీల్లేకపోయింది. మా బావగారు చేతిలో చీపురుపుల్ల పట్టుకుని రోజల్లా పెరట్లో వాడి వెంటే తిరిగారు. "వచ్చిందా?" అని మా ఆయన లోపలినుంచి, "ఇంకా లేదు" అని ఈయన బయటినుంచి. చివరికి వచ్చింది. నాలుగు నీళ్ళలో కడిగి నేనే కుట్టాను. ఆ ప్లీడరుగారు ఇప్పటికీ ఆ కోటు వేసుకునే వాదిస్తారు. మేం ఎవరం నోరు విప్పలేదు. అప్పటికి వాడు ఇంట్లో అలవాటైపోయాడు, గుండీ అన్న పేరూ స్థిరపడిపోయింది.

కుక్కను పెంచే సుఖమేమిటో అందరూ చెబుతారు. దర్జీ కొట్టులో పెంచితే ఏమవుతుందో నన్నడగండి. వాడి వెంట్రుకలు గోధుమరంగు. మాకు వచ్చే కోట్లన్నీ నలుపు. సుద్దముక్కలు బిస్కెట్లనుకుని నమిలేవాడు. ట్రయలు గదిలో ఎవరైనా ప్యాంటు మార్చుకుంటుంటే తెర కింది నుంచి తల దూర్చి, ఎవరా అని చూసొచ్చేవాడు. ఉరుము ఉరిమితే బావగారి బల్లకింద దూరి వణికేవాడు. అంత కోపిష్ఠి మనిషీ కత్తెర పక్కన పెట్టి, "ఏం లేదురా, మబ్బులు సామాను సర్దుకుంటున్నాయి" అని వాడి తల నిమిరేవారు. నేను ఉరుముకు ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డానో, నాకు ఒక్కసారీ ఆ మాట చెప్పలేదు.

ఇక గొడవ సంగతి.

ఒక హెడ్మాస్టరుగారు రిటైరయ్యే రోజుకని కోటు కుట్టించుకోవడానికి వచ్చారు. బట్ట ఆయనే తెచ్చారు, అదీ చాలీచాలనిది. మామూలుగా అయితే బట్ట మడతపెట్టి రెండు చేతులూ ఒక్కసారే కోస్తారు. అప్పుడు ఒకటి కుడిది, ఒకటి ఎడమది దానంతటదే వస్తుంది. బట్ట చాలక బావగారు వేటికవి విడిగా కోశారు. మొదటిది కోశాక, చెయ్యి ఆకారంలో కత్తిరించి పెట్టుకున్న అట్టను బోర్లించి రెండోది గీయాలి. బోర్లించడం మరిచిపోయారు. రెండూ ఎడమచేతులే వచ్చాయి. మా ఆయన ఆ రెండు ఎడమచేతుల్నీ ఒక్క ముడత లేకుండా, పాఠం చెప్పినంత శుభ్రంగా కోటుకు కుట్టేశారు. నేను గుండీలు కుట్టాను. నాకూ కనపడలేదు. నా కళ్ళు గుండీల దాకానే పోతాయి.

హెడ్మాస్టరుగారు హడావుడిలో వేసి చూసుకోకుండానే పట్టుకుపోయారు. సభలో మైకు ముందు నిలబడి కుడిచెయ్యి ఎత్తబోతే మోచెయ్యి ఒక దారిన, కోటు ఒక దారిన పోయాయట. ఉపన్యాసమంతా ఎడమచేత్తోనే ఇచ్చారు. వాళ్ళిచ్చిన బహుమతీ ఎడమచేత్తోనే పుచ్చుకున్నారు. మర్నాడు కోటు తెచ్చి బల్ల మీద పెట్టి ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయారు. తిట్టిపోసినా బాగుండేది.

"కోసేవాడు పొరపాటు పడొచ్చు. కుట్టేవాడికి కళ్ళుండొద్దా?" అన్నారు బావగారు.

"నువ్వు కోసింది కుట్టడమే నా పని," అన్నారు మా ఆయన.

"అంతేనా?"

"అంతే."

ఆ 'అంతే' దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. వారం కాదు, నెల కాదు, ఏళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే పంపు నీళ్ళు తాగుతూ, నా చేతి తిండి తింటూ. నేను చెప్పి చూశాను, అరిచి చూశాను, అన్నం వండకుండా పడుకుని కూడా చూశాను. ఇద్దరూ హోటలు నుంచి వేర్వేరుగా తెచ్చుకుని, ఇద్దరూ నాకూ తెచ్చారు. తిననంటే ఎవరి పొట్లం తిననన్నానో అని ఇంకో గొడవ. రెండూ తిన్నాను.

కానీ కొట్టు నడవాలి కదా. కోసినవాడు కుట్టేవాడికి ఏదో ఒకటి చెప్పకపోతే ప్యాంటు ప్యాంటవదు. కాగితం మీద రాద్దామంటే బావగారి రాత బావగారికే తెలియదు. రెండు రోజులు నన్ను మధ్యలో తిప్పారు. మూడో రోజున సూది కింద పడేసి, "నేను ఈ ఇంటికి కోడలినా, మీ ఇద్దరికీ టెలిఫోన్నా?" అన్నాను. కాసేపటికి బావగారు గొంతు సవరించుకుని బట్టముక్కల గుట్ట వైపు చూశారు.

"గుండీ, మీ నాన్నకి చెప్పు, జేబు అర అంగుళం కిందకి దించమని."

మా ఆయన మిషను ఆపారు. "గుండీ, మీ పెదనాన్నకి చెప్పు, అర అంగుళం దించితే చెయ్యి అందదని."

అలా మొదలైంది. తన పేరు వినపడి గుండీ లేచాడు. ఎవరు పిలిచారో వాళ్ళ మొహం చూశాడు, వాళ్ళు ఎటు చూపిస్తే అటు వెళ్ళాడు. వెళ్ళి ఏం చేయాలో తెలియక మా ఆయన పాదం మీద తన కాలు పెట్టాడు. అది చూసి మా ఆయనకు ముచ్చటేసి పక్కనున్న డబ్బాలోంచి బిస్కెట్టు తీసి ఇచ్చారు. ఇంకేముంది, వాడికి ఉద్యోగం దొరికింది. "చెప్పు" అంటే చాలు, అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి పాదం మీద కాలు పెట్టేవాడు, బిస్కెట్టు పుచ్చుకుని వచ్చి తన చోట కూర్చునేవాడు.

"గుండీ, మీ నాన్నకి చెప్పు, నడుం పట్టీ వదులైందని."

"గుండీ, మీ పెదనాన్నకి చెప్పు, వదులైంది పట్టీ కాదు, ఆ మనిషి చిక్కాడని."

"గుండీ, మీ నాన్నకి బుద్ధి లేదని చెప్పు."

తిట్టు మోసుకెళ్ళినా బిస్కెట్టే. వాడికి తిట్టూ పొగడ్తా ఒకటే. ఆ విషయంలో వాడు మాకంటే నయం. కొన్నాళ్ళకు కొట్టుకొచ్చేవాళ్ళకూ అలవాటైంది. "గుండీ, నా సఫారీ ఎప్పుడిస్తారో మీవాళ్ళని అడుగు" అని వాళ్ళూ మొదలుపెట్టారు. పనెక్కువ ఉన్న రోజుల్లో మాటలెక్కువ, మాటలెక్కువైతే బిస్కెట్లెక్కువ. గుండీ గుండ్రాయిలా తయారయ్యాడు.

ఆయాసపడుతుంటే పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. తూకం చూసి ఆయన నోరెళ్ళబెట్టారు. "ఇన్ని బిస్కెట్లు ఎవరు పెడుతున్నారమ్మా?" అన్నారు. జరిగేదంతా చెప్పాను. ఆయన చాలాసేపు పెన్నుతో టేబుల్ మీద కొట్టుకుంటూ కూర్చుని, "అయితే మందు వాడికి కాదు. వాళ్ళిద్దర్నీ మాట్లాడుకోమనండి, లేకపోతే పూర్తిగా మానెయ్యమనండి. రెండిట్లో ఏదైనా వాడి ఒంటికి మంచిదే," అన్నారు. ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. అన్నదమ్ములిద్దరూ బిస్కెట్టును సగానికి విరవడం మొదలుపెట్టారు.

ఈ బతుకు ఇలాగే పోతుందిలే అనుకుంటుండగా, ఊరి ఆ చివర ఒక పెద్ద బట్టల షాపు పెట్టారు. అక్కడ కోతకు పెద్ద మాస్టరు కావాలట. ఎవరో మా బావగారి పేరు చెప్పారు. షాపు మేనేజరు మెత్తటి చెప్పులేసుకుని వచ్చి, పైన ఉండడానికి గది కూడా ఇస్తామన్నాడు. వెంటనే మాటివ్వకుండా బావగారు అతన్ని పంపేశారు. సాయంత్రం దాకా సుద్ద పట్టుకుని కూర్చున్నారు గానీ ఒక్క గీతా గీయలేదు. దీపాలు పెట్టే వేళకు అన్నారు.

"గుండీ, మీ నాన్నకి చెప్పు, వచ్చే నెల నుంచి నేను వేరే చోట పని చేస్తున్నానని."

గుండీ లేచి వెళ్ళాడు. మా ఆయన పాదం మీద కాలు పెట్టాడు. మిషను ఆగింది. మా ఆయన డబ్బా మూత తీశారు, అలవాటు కొద్దీ సగం బిస్కెట్టు విరిచి ఇచ్చారు. వాడు నమలడం అయ్యేదాకా వాణ్ణే చూస్తూ కూర్చున్నారు.

"గుండీ, మీ పెదనాన్నకి చెప్పు, మంచిదని."

నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళిద్దరి గురించి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? మా ఆయనకు కుట్టడం తప్ప కోత రాదు. ఒకసారి తన చొక్కా తనే కోసుకుంటే జేబు చంకలోకి వచ్చింది. బావగారికి కోత తప్ప కుట్టు రాదు. సూదిలో దారం ఎక్కించమంటే సూదినే తిడతారు. ఇద్దరూ కలిస్తే ఒక దర్జీ. విడిపోతే కొట్టు మూసుకోవడమే. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. తెలిసీ ఒకరు పోతాననడం, ఒకరు మంచిదనడం. ఆ రాత్రి ఇద్దరికీ కంచాలు టంగుమని పెట్టాను.

ఆదివారం షట్టరు సగం దించి సామాను పంచుకోవడానికి కూర్చున్నారు. నేను గడప మీద కూర్చున్నాను, ఒక కాజా కుడుతున్నట్టు. అదే కాజాను మూడుసార్లు కుట్టి విప్పాను.

"గుండీ, మీ నాన్నకి చెప్పు, ఇస్త్రీపెట్టె ఇక్కడే ఉంచుకోమని."

"గుండీ, మీ పెదనాన్నకి చెప్పు, అది ఆయన కొన్నదేనని."

"గుండీ, మీ నాన్నకి చెప్పు, నాకు అక్కడ వేరేది ఇస్తారని."

"గుండీ, మీ పెదనాన్నకి చెప్పు, ఆ నిలువుటద్దం తీసుకెళ్ళమని. అందులో చూస్తే గానీ ఆయనకి భుజం కొలత కుదరదని."

ఇలాంటి పంపకం నేనెక్కడా చూడలేదు. లోకంలో అన్నదమ్ములు నాకంటే నాకని కొట్టుకుంటారు. వీళ్ళు నీకంటే నీకని కుక్క చేత కబురు పంపుకుంటున్నారు. పాపం గుండీ అటూ ఇటూ తిరిగి తిరిగి నాలుక బయటపెట్టాడు. ఫ్యాను అయింది, రేడియో అయింది, బొమ్మకు తొడిగిన పాత కోటు అయింది. కత్తెర ఎలాగూ బావగారిదే. చివరికి పంచడానికి ఏమీ మిగల్లేదు.

గుండీ మధ్యలో కూలబడ్డాడు. ఈసారి కబురు ఎటునుంచి వస్తుందా అని ఒకసారి అటు చూశాడు, ఒకసారి ఇటు చూశాడు.

"గుండీ," అన్నారు బావగారు, "మీ నాన్నకి చెప్పు..." అని ఆగిపోయారు.

వాడు లేచి నిలబడ్డాడు. వాడి తోక ఊగుతూనే ఉంది.

"గుండీ," అన్నారు మా ఆయన, "మీ పెదనాన్నని అడుగు..." ఆయనా అక్కడే ఆగిపోయారు.

నాకప్పుడు అర్థమైంది. మిగిలింది వాడే. వాడెవరికి అన్నది తేలాలి. ఆ మాట వాడి మొహం మీదే, వాడి చేతే ఎలా చెప్పి పంపుతారు? తిట్లు మోయించారు, కొలతలు మోయించారు, కొట్టు ముక్కలు చేసే మాటలూ మోయించారు. ఈ ఒక్కటీ మోయించలేకపోయారు. బావగారు కళ్ళద్దాలు తీసి టేపు చివరతో తుడుచుకున్నారు. మా ఆయన ఖాళీ మిషను తొక్కుతున్నారు, సూదికింద బట్టే లేదు.

బావగారు లేచి నన్ను దాటుకుని పెరటి తలుపు దాకా వెళ్ళారు. వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"ఒరేయ్, ఓసారి ఇలా రా."

నా చేతిలో సూది జారిపోయింది. మా ఆయన లేచి నిలబడ్డారు. ఏళ్ళ తర్వాత అన్నగారి నోట ఆ పిలుపు. ఆయన మొహం చూడలేక నేను సూది వెతుకుతున్నట్టు వంగాను. ఆయన వెళ్తూ గుండీ కాలరు నా చేతిలో పెట్టి, "వాణ్ణి పట్టుకో, బయటికి రానివ్వకు," అని తలుపు దగ్గరగా వేశారు.

నేను తలుపుకు చెవి ఆనించాను. దొంగచాటుగా వినడం తప్పే, కానీ పక్కన గుండీ కూడా ఆనించాడు.

"మెల్లిగా మాట్లాడు, వింటాడు," అన్నారు బావగారు. "వాణ్ణి నువ్వే ఉంచుకో."

"నువ్వు తీసుకెళ్ళు అన్నయ్యా. అక్కడ ఒక్కడివే ఉంటావు."

"నాకేం, బోలెడంత పని."

"పనొచ్చి నీ కాళ్ళ దగ్గర పడుకుంటుందా? ఉరిమితే వాడు ఎవరి బల్లకింద దూరతాడు?"

"నీ మిషను చప్పుడు లేకపోతే వాడికి నిద్రే పట్టదు. అక్కడ అన్నీ కరెంటు మిషన్లు."

"అలవాటవుతాడు."

"వద్దంటుంటే. నీకెప్పుడూ నా మాటంటే లెక్కలేదు."

"నాకా? నీ మాట ఎప్పుడు కాదన్నానో ఒక్కటి చెప్పు."

"హెడ్మాస్టరు కోటు." గొంతు పెరిగింది. మెల్లిగా మాట్లాడమన్నది ఆయనే. "రెండూ ఎడమచేతులే అని నీకు కనపడలేదా?"

"కనపడింది."

ఇన్నేళ్ళూ ఆ తప్పు మా ఆయనకు కనపడలేదనే నేనూ అనుకున్నాను.

"కనపడితే చెప్పొద్దా?"

"నువ్వు కోశావు కదా."

"కోస్తే?"

"నువ్వలా కోశావంటే ఏదో కారణం ఉంటుందనుకున్నాను. ఆయన కుడిచెయ్యి ఏమైనా తేడాగా ఉందేమో, కొలత తీసుకున్నది నువ్వు, నీకు తెలుస్తుంది. అడిగితే నీ కొలతను అనుమానించినట్టు ఉంటుందని, ఇచ్చింది ఇచ్చినట్టు కుట్టేశాను."

బావగారి గొంతు వినపడింది. అది అంత సన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"వెధవా. ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

"ఎలా చెప్పను? గుండీ చేత చెప్పించే మాటా ఇది?"

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కాలరు మీద పట్టు సడలింది. గుండీ ఒక్క ఉదుటున తలుపు తోసుకుని పోయి ఇద్దరి మధ్యా దూరాడు. ఎవరూ ఏమీ చెప్పమనకపోయినా ముందు మా ఆయన పాదం మీద కాలు పెట్టాడు, తర్వాత బావగారి పాదం మీద. ఆయన జేబులన్నీ తడుముకున్నారు. బిస్కెట్టు లేదు. సుద్దముక్క దొరికితే అదే ఇచ్చారు. వాడు అదీ తిన్నాడు.

మేనేజరుకు కుదరదని చెప్పడానికి బావగారే నడిచి వెళ్ళారు. తిరిగొచ్చి, ఆ షాపులో బొమ్మలకేసిన కోట్లన్నిటికీ భుజాలు జారిపోయాయని మా ఆయనకు చెబుతూ గంటసేపు నవ్వారు. హెడ్మాస్టరుగారికి మేమే బట్ట కొని కొత్త కోటు మొదలుపెట్టాం. చేతులు కోయగానే బావగారు రెండు ముక్కలూ ఎత్తి పట్టుకుని, "ఒరేయ్, సరిగ్గా చూడు, ఒకటి కుడిదేనా?" అన్నారు. మా ఆయన చూడకుండానే తలూపబోయి, నా చూపు తగిలి, దగ్గరికి వెళ్ళి చూశారు.

ఇప్పుడు ఇద్దరూ నేరుగానే మాట్లాడుకుంటారు. ఆపమన్నా ఆపరు, నాకు తలనొప్పి. బిస్కెట్లు తగ్గి గుండీ ఒళ్ళు కాస్త తగ్గింది, డాక్టరుగారు మెచ్చుకున్నారు. కానీ ఉద్యోగం పోయినవాడి మొహంలా ఉండేది వాడి మొహం. అన్నదమ్ములు మాట్లాడుకుంటుంటే తలెత్తి ఇద్దర్నీ చూసి, తన పేరు రాకపోతే మళ్ళీ గడ్డం నేలకానించేవాడు. అన్నదమ్ములిద్దరూ అది చూడలేకపోయారు.

అందుకని రోజూ సాయంత్రం నేను టీ తెచ్చి మా ఆయన మిషను మీద, ఆయన ఎదురుగానే పెడతాను. అటునుంచి బావగారు, "గుండీ, మీ నాన్నకి చెప్పు, టీ వచ్చిందని," అంటారు. వాడు లేచి, ఒళ్ళు విరుచుకుని, నింపాదిగా నడిచి వస్తాడు. టీ చల్లారిపోతున్నా సరే, వాడు వచ్చి పాదం మీద కాలు పెట్టేదాకా మా ఆయన గ్లాసు ముట్టుకోరు.